బతికున్న గుర్తు: వాచ్‌డాగ్ టైమర్ల చరిత్రలో మ్యూనిక్

పూర్వం ఊళ్ళలో రాత్రిపూట గస్తీ తిరిగేవాడు “పారాహుషార్” అని కేకవేస్తూ నడిచేవాడు. ఆ కేక దొంగలను బెదిరించడానికని సాధారణంగా అనుకుంటాం. ఇళ్ళలో మెలకువగా ఉన్నవారికి మాత్రం అది మరొక సంగతి కూడా తెలిపేది: కావలివాడు నిద్రపోలేదు. వినబడవలసిన వేళకు కేక వినబడకపోతే ముందుగా అనుమానించవలసింది కావలివాడినే. మౌనాన్నే ప్రమాద సూచికగా తీసుకోవడమన్న ఈ చిన్న ఆలోచనే నేడు కోట్లాది యంత్రాలలో వాచ్‌డాగ్ టైమరు అనే పేరుతో పనిచేస్తున్నది.

కేకను యంత్రానికి అప్పగించే ప్రయత్నం పంతొమ్మిదో శతాబ్దంలోనే జరిగింది. దక్షిణ జర్మనీలోని ష్వెనింగెన్ పట్టణానికి చెందిన యోహానెస్ బ్యుర్క్ 1855లో కావలివారి కోసం చేత పట్టుకొని తిరిగే గడియారమొకటి తయారుచేశాడు. కర్మాగారంలో ఒక్కొక్క మూలన ఒక్కొక్క తాళంచెవి గొలుసుతో కట్టి ఉండేది. కావలివాడు అక్కడికి వెళ్ళి ఆ చెవిని గడియారంలో పెట్టి తిప్పితే లోపలి కాగితం మీద గుర్తు పడేది. ఏ వేళకు ఏ మూలకు వెళ్ళాడో, ఎక్కడ కునుకు తీశాడో తెల్లవారాక ఆ కాగితం చెప్పేది. అయితే అది మర్నాటి ఉదయం చెప్పే సాక్ష్యం. ఆ రాత్రి జరగవలసిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉండవచ్చు. మౌనాన్ని అప్పటికప్పుడే గుర్తించి, వెంటనే ఏదో ఒకటి చేయగలిగిన యంత్రం రావడానికి మరికొంత కాలం పట్టింది.

ఆ యంత్రం చరిత్రను మ్యూనిక్ నుంచి చెప్పడానికి కారణం ఉంది. రైళ్ళు, కర్మాగారాల నియంత్రణ యంత్రాలు, కార్లలోని చిప్పులు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అనే నాలుగు పాయలు ఈ నగరంలోనూ దాని శివార్లలోనూ కలుస్తాయి. లినక్స్ పేరుతో మ్యూనిక్‌ను తలచుకోగానే చాలామందికి గుర్తుకు వచ్చేది లీముక్స్: 2003లో నగరపాలక సంస్థ తన కార్యాలయాల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని తీసుకొన్న నిర్ణయం, 2017లో దానిని వెనక్కు తిప్పిన మరొక నిర్ణయం. ఆ రాజకీయ కథకు వచ్చినంత ప్రచారం, ఇదే నగరంలో మనుషుల కంటబడని యంత్రాల కోసం జరిగిన లినక్స్ పనికి రాలేదు. ఈ వ్యాసం ఆ రెండవ దాని గురించి.

పెడల్ చెప్పే అబద్ధం

మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో 1879 నాటి చిన్న విద్యుత్ రైలింజను ఉంది. బెర్లిన్ పారిశ్రామిక ప్రదర్శనలో సీమెన్స్-హాల్‌స్కె సంస్థ నడిపి చూపినది అదే. ఆవిరి ఇంజను మీద సాధారణంగా ఇద్దరుండేవారు, ఒకడు నడపడానికి, ఒకడు బొగ్గు వేయడానికి. ఒకడు స్పృహ తప్పితే రెండవవాడు చూసేవాడు. విద్యుత్తు వచ్చాక బొగ్గు వేసేవాడి అవసరం పోయింది. చోదకుడు ఒంటరివాడయ్యాడు. అతనికి ఏదైనా జరిగితే చూసేదెవరన్న ప్రశ్నకు జవాబుగా వచ్చినదే ‘మృతహస్తపు మీట’: చేతితో పట్టుకొని ఉన్నంతసేపే బండి నడుస్తుంది, చెయ్యి జారితే బ్రేకు పడుతుంది.

ఇందులో లోపం ఉంది. చనిపోయిన మనిషి చెయ్యి ఎప్పుడూ జారుతుందని నమ్మకం లేదు. 2003 జనవరి 31న ఆస్ట్రేలియాలో వాటర్‌ఫాల్ అనే చోట ప్రయాణికుల రైలు మలుపు దగ్గర అతివేగంతో పట్టాలు తప్పింది. చోదకుడితో సహా ఏడుగురు మరణించారు. నడుపుతుండగానే అతనికి గుండెపోటు వచ్చిందనీ, అచేతనమైన కాళ్ళ బరువే పెడల్‌ను తొక్కిపట్టి ఉంచిందనీ విచారణలో తేలింది. పెడల్‌కు తెలిసినది బరువు ఒక్కటే. ఆ బరువు బతికున్నవాడిదా కాదా అన్నది దానికి తెలియదు.

జర్మన్ రైళ్ళలో ‘సీఫా’ అని పిలిచే భద్రతా ఏర్పాటు ఈ లోపాన్ని వేరే విధంగా ఎదుర్కొంటుంది. పెడల్‌ను తొక్కి ఉంచితే చాలదు, 30 సెకన్లు దాటకుండా ఒకసారి వదిలి మళ్ళీ తొక్కాలి. వదలకపోతే దీపం వెలుగుతుంది. రెండున్నర సెకన్ల తరువాత హెచ్చరిక మోగుతుంది. మరో రెండున్నర సెకన్లకు అత్యవసర బ్రేకు పడుతుంది. మన భారతీయ రైలింజన్లలోని విజిలెన్స్ కంట్రోల్ పరికరమూ ఇదే కోవకు చెందినది: చోదకుడు ఏదో ఒక మీట కదపకుండా దాదాపు ఒక నిమిషం గడిపితే దీపం, తరువాత మోత, ఆపైన బ్రేకు. స్థిరంగా ఉన్న సంకేతాన్ని శవం కూడా ఇవ్వగలదు. మారుతూ ఉండే సంకేతాన్ని ఇవ్వడానికి మనిషి కావాలి. వాచ్‌డాగ్ టైమర్ల తరువాతి చరిత్ర అంతా ఈ సూత్రానికి వ్యాఖ్యానమే.

కంప్యూటరుకు రాత్రి కావలి

మనిషి స్థానంలో ప్రోగ్రాం వచ్చాక కూడా ప్రశ్న మారలేదు. ప్రోగ్రాం అంతులేని ఆవృత్తంలో చిక్కుకొంటే కంప్యూటరు చూపులకు బాగానే ఉంటుంది, విద్యుత్తు వాడుకొంటూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. చేయవలసిన పని మాత్రం చేయదు. అపోలో నౌకల కోసం ఎమ్‌ఐటీలో రూపొందిన మార్గనిర్దేశక కంప్యూటరులో ఇందుకొక ప్రత్యేక సర్క్యూట్ ఉండేది. దాని పేరే ‘నైట్ వాచ్‌మన్’. కొత్త పని ఏదైనా ఉందా అని చూడడానికి ప్రోగ్రాం ఒకానొక మెమరీ స్థానాన్ని తరచుగా తాకవలసి ఉండేది. 0.64 నుంచి 1.92 సెకన్ల లోపల ఎవరూ దానిని తాకకపోతే ఆ సర్క్యూట్ కంప్యూటరును పునఃప్రారంభించేది. పునఃప్రారంభం తరువాత ముఖ్యమైన పనులు ఆగినచోటి నుంచే సాగేలా సాఫ్ట్‌వేరులో వేరే ఏర్పాట్లు ఉండేవి. వాచ్‌డాగ్ ప్రయోజనం సగమే సర్క్యూట్‌లో ఉంటుంది. లేచాక ఏం చేయాలో తెలిసి ఉండడం మిగిలిన సగం.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ నిర్మాణం చాలా సరళం. స్వంత గడియారంతో నడిచే ఒక లెక్కింపు సర్క్యూట్ పైనుంచి కిందికి లెక్కపెడుతూ ఉంటుంది. ప్రోగ్రాం మధ్యమధ్య దానిని మళ్ళీ మొదటి అంకెకు తీసుకువెళ్ళాలి. లెక్క సున్నాకు చేరితే సర్క్యూట్ ప్రాసెసరును రీసెట్ చేస్తుంది, ఎవరి అనుమతీ అడగదు. దాని బలమంతా ప్రాసెసరు మీద ఆధారపడకపోవడంలోనే ఉంది.

ఆ బలాన్ని పక్కన పెడితే ఏమవుతుందో 1994 మే 7న తెలిసింది. చంద్రుని చుట్టూ తిరిగి బయలుదేరిన అమెరికా నౌక క్లెమెంటైన్ జియోగ్రఫోస్ అనే గ్రహశకలం వైపు వెళ్ళవలసి ఉంది. దాని కంప్యూటరు స్తంభించింది. వెలుగుతున్న థ్రస్టరును ఆపేవారు లేక ఇంధనం మొత్తం అయిపోయింది, నౌక నిమిషానికి సుమారు 80 చుట్లు తిరగసాగింది. థ్రస్టరు ఎక్కువసేపు వెలగకుండా చూసే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉండేది. సాఫ్ట్‌వేరే ఆగిపోయాక ఆ ఏర్పాటూ ఆగిపోయింది. ప్రాసెసరులో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉన్నా దానిని వాడుకోలేదు. కాపలాదారును కాపలా కాయవలసినవాడితోనే ఒకే గదిలో పడుకోబెట్టినట్లయింది.

మూడేళ్ళ తరువాత, 1997 జులై 4న కుజగ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ కథ దీనికి జోడీ. దిగిన కొద్ది రోజులకే దాని కంప్యూటరు తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ పరిశీలన పని పట్టుకొని ఉన్న తాళం కోసం ఎక్కువ ప్రాధాన్యం గల పని ఎదురుచూస్తూ ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు నడుమ దూరి కాలం తినేసేవి. గడువులోగా ముఖ్యమైన పని ముగియలేదని గమనించిన కాపలా ఏర్పాటు రీసెట్ చేసేది. రీసెట్లు నౌకను కాపాడాయి. అంతకంటె ముఖ్యంగా, లోపం ఉన్నదని భూమి మీది ఇంజనీర్లకు తెలియజెప్పాయి. వారు ఆ స్థితిని ప్రయోగశాలలో మళ్ళీ సృష్టించి, కారణం కనుక్కొని, సవరణను కుజుడి మీదికి పంపారు. వాచ్‌డాగ్ చేసే పని వైద్యం కాదు, ప్రాణం నిలబెట్టి వైద్యుడిని పిలవడం.

గుండె చప్పుడు ఎవరిది?

1949 నుంచి మ్యూనిక్ కేంద్రంగా ఉన్న సీమెన్స్ సంస్థ 1958లో సిమాటిక్ అనే పేరు నమోదు చేయించింది. ఆ పేరుతో వచ్చిన ప్రోగ్రామబుల్ కంట్రోలర్లు నేడు నీటి పంపులను, కన్వేయర్లను, ప్యాకింగ్ యంత్రాలను ప్రపంచమంతటా నడుపుతున్నాయి. సెన్సర్లను చదవడం, లెక్క కట్టడం, మోటార్లకు ఆదేశాలివ్వడం అనే చక్రాన్ని అవి పదేపదే తిరుగుతాయి. ఆ చక్రానికి గడువు ఉంటుంది, మామూలుగా పెట్టి ఉంచేది 150 మిల్లీసెకన్లు. గడువు దాటితే కంట్రోలర్ దానిని లోపంగా పరిగణిస్తుంది. కర్మాగారంలో ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు తప్పు జవాబుతో సమానం.

1999లో సీమెన్స్ నుంచి విడివడిన ఇన్‌ఫినియాన్ కేంద్రం మ్యూనిక్‌ను ఆనుకొని ఉన్న నోయ్‌బీబెర్గ్‌లో ఉంది. కార్ల కోసం అది తయారుచేసే ఆరిక్స్ మైక్రోకంట్రోలర్లలో ప్రతి కోర్‌కు ఒక వాచ్‌డాగ్, వాటన్నిటి పైన చిప్ మొత్తానికి ఒక భద్రతా వాచ్‌డాగ్ ఉంటాయి. అదీ చాలదన్నట్లు పక్కన ఉండే విద్యుత్ సరఫరా చిప్పులో మరొకటి. అది కేవలం చప్పుడు వినదు. ఒక ప్రశ్న అడుగుతుంది, ప్రాసెసరు లెక్క చేసి సరైన జవాబు చెప్పాలి. జవాబు ఆలస్యమైనా తప్పే, మరీ తొందరగా వచ్చినా తప్పే. పిచ్చెత్తిన ప్రోగ్రాం కూడా ఒక ఆవృత్తంలో పడి వేగంగా గుండె చప్పుడు చేస్తూ ఉండవచ్చు కనుక, కిటికీ వంటి కాలపరిమితి అవసరమైంది. 1998–2000 మధ్య వెలువడిన ఐఈసీ 61508 భద్రతా ప్రమాణం ఈ తేడాలకు అంతస్తులు ఏర్పరచింది: విడి గడియారం మాత్రమే గల వాచ్‌డాగ్‌కు తక్కువ విలువ, కాలపు కిటికీ కూడా ఉంటే మధ్యస్థం, కాలంతోపాటు పనుల క్రమాన్ని కూడా పరీక్షిస్తే ఎక్కువ.

క్రమం ఎందుకు ముఖ్యమో 2013లో అమెరికాలోని ఓక్లహోమా న్యాయస్థానంలో చర్చకు వచ్చింది. టొయోటా కారు అనుకోకుండా వేగం పుంజుకొన్నదన్న వ్యాజ్యంలో బాధితుల తరఫున సాక్ష్యమిచ్చిన మైకేల్ బార్ అనే నిపుణుడు, ఆ కారు సాఫ్ట్‌వేరులో వాచ్‌డాగ్‌కు చప్పుడు వినిపించే బాధ్యతను టైమర్ ఇంటరప్ట్‌కు అప్పగించారని చెప్పాడు. టైమర్ ఇంటరప్ట్ గడియారంలాగా తనంతట తాను వస్తూనే ఉంటుంది. ముఖ్యమైన పనులన్నీ ఆగిపోయినా అది ఆగదు. అంతకుముందు 2011లో నాసా నిపుణులు చేసిన పరిశీలనలో ఎలక్ట్రానిక్ లోపానికి ఆధారం దొరకలేదు. జ్యూరీ మాత్రం బాధితుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ వివాదం ఎలా ఉన్నా, బార్ ఎత్తిచూపిన నిర్మాణ దోషం వాటర్‌ఫాల్ పెడల్‌కు స్వయానా తోబుట్టువు. చప్పుడు వినబడుతున్నది, బతికున్నవాడి దగ్గరి నుంచి కాదు.

ఫైలుగా మారిన కావలివాడు

యూనిక్స్ సంప్రదాయంలో పరికరం కూడా ఫైలే. తెరవడం, చదవడం, రాయడం, మూయడం అనే నాలుగు క్రియలతోనే డిస్కుతోనూ ప్రింటరుతోనూ మాట్లాడవచ్చు. లినక్స్ వాచ్‌డాగ్‌ను కూడా ఇదే అచ్చులో పోసింది. అలన్ కాక్స్ 1996లో రాసిన సాఫ్ట్‌డాగ్ ఈ తొలి డ్రైవర్లలో ఒకటి. అది ప్రత్యేక సర్క్యూట్ లేని యంత్రాల కోసం కెర్నెల్ లోపలి టైమరునే వాచ్‌డాగ్‌గా వాడుతుంది. కెర్నెలే స్తంభిస్తే అదీ స్తంభిస్తుంది కనుక, క్లెమెంటైన్ పాఠం దానికీ వర్తిస్తుంది.

నియమాలు క్లుప్తమైనవి. డెవ్ డైరెక్టరీలో వాచ్‌డాగ్ అనే ఫైలు ఉంటుంది. దానిని తెరవగానే టైమరు మొదలవుతుంది. అందులో ఏ అక్షరం రాసినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఫైలును మూసేముందు ప్రత్యేకంగా ఇంగ్లిషు పెద్దబడి ‘వీ’ అక్షరం రాస్తేనే టైమరు ఆగుతుంది. రాయకుండా మూస్తే, ప్రోగ్రాం చచ్చిపోయి ఫైలు దానంతట అది మూసుకుపోయిందని భావించి టైమరు పరుగు కొనసాగుతుంది. మరణానికీ వీడ్కోలుకూ తేడా తెలుసుకొనేందుకు ఒక్క అక్షరం. ఇంతకంటె కఠినమైన ‘నోవేఅవుట్’ అనే అమరిక ఉంది. దానిని ఎంచుకొంటే ఒకసారి మొదలైన టైమరును వీడ్కోలు చెప్పినా ఆపలేరు.

ఈ అమరికలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉండేది. తెరవడమే టైమరును మొదలుపెట్టడం కనుక, ఏముందో చూద్దామని ఆ ఫైలును మామూలు ఫైలులాగా చదవబోయినవాడి యంత్రం నిమిషం తిరగకుండానే రీసెట్ కావచ్చు. పైగా ఆ ఫైలును ఒక ప్రోగ్రాం తెరిచి ఉంచితే రెండవదానికి ప్రవేశం లేదు. కావలివాడి నాడి చూడాలంటే అతని ఉద్యోగాన్ని మనం తీసుకోవలసిందే. 2011లో ఉమ్మడి వాచ్‌డాగ్ చట్రం కెర్నెల్‌లో చేరింది. 2016లో వచ్చిన 4.5 కూర్పుతో ప్రతి వాచ్‌డాగ్ స్థితినీ విడివిడి ఫైళ్ళుగా చూపే ఏర్పాటు వచ్చింది. సిస్ డైరెక్టరీ కింద క్లాస్, దాని కింద వాచ్‌డాగ్, దాని కింద వాచ్‌డాగ్‌సున్నా. అక్కడ ‘ఐడెంటిటీ’ ఏ సర్క్యూటో చెబుతుంది, ‘స్టేట్’ టైమరు నడుస్తున్నదో లేదో చెబుతుంది, ‘టైమవుట్’ గడువును, ‘టైమ్‌లెఫ్ట్’ మిగిలిన సెకన్లను చెబుతాయి. వీటిని చదివినందువలన టైమరు మొదలుకాదు, ఆగదు. అన్ని డ్రైవర్లూ అన్ని ఫైళ్ళనూ ఇవ్వవు, హార్డ్‌వేరుకు తెలిసినంతే అవి చెప్పగలవు.

వీటిలో రెండింటిని ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది ‘బూట్‌స్టేటస్’. దానిలో 32 అనే అంకె కనబడితే యంత్రం క్రితంసారి వాచ్‌డాగ్ కొట్టిన దెబ్బకే లేచిందని అర్థం. బ్యుర్క్ గడియారంలోని కాగితానికి ఇది వారసురాలు. రెండవది ‘ప్రీటైమవుట్’. ప్రాణం తీసే గడువుకు కొంచెం ముందుగా మరొక గడువు పెట్టి, అది దాటగానే కెర్నెల్‌ను తన చివరి స్థితి నమోదు చేసి పడిపోయేలా చేయవచ్చు. ఉత్త రీసెట్ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది, ప్రీటైమవుట్ మరణవాంగ్మూలం తీసుకొంటుంది.

ఫైలులో ఎవరు రాయాలన్నది మిగిలిన ప్రశ్న. తొలినాళ్ళలో ఇందుకోసం మిఖాయెల్ మెస్కెస్ రాసిన వాచ్‌డాగ్ డెమన్ ఉండేది. అది మెమరీ, లోడు, నెట్‌వర్కు వంటివి పరీక్షించి, అన్నీ బాగుంటేనే చప్పుడు చేసేది. 2012లో సిస్టమ్‌డీ ఈ బాధ్యతను గొలుసుగా మార్చింది. హార్డ్‌వేర్ సర్క్యూట్ సిస్టమ్‌డీని కనిపెట్టి ఉంటుంది, సిస్టమ్‌డీ ఒక్కొక్క సేవను కనిపెట్టి ఉంటుంది. అమరికల ఫైలులో రన్‌టైమ్ వాచ్‌డాగ్ గడువు ఒక పంక్తిలో రాస్తే, సిస్టమ్‌డీ ఆ గడువులో సగం కాలానికి ఒకసారైనా సర్క్యూట్‌కు సంకేతమిస్తుంది. సేవల గడువును ఒక్కొక్క సేవ ఫైలులో విడిగా రాయాలి. ఆ రెండవ పంక్తి రాయడం మరచిపోయినచోట గొలుసు తెగుతుంది. సిస్టమ్‌డీ క్షేమంగా ఉంటుంది, సర్క్యూట్ తృప్తిగా ఉంటుంది, అసలు పని చేయవలసిన ప్రోగ్రాం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

మనిషి వెళ్ళని చోట

ఈ నేపథ్యంలో మ్యూనిక్‌లోని సీమెన్స్ ఎంబెడెడ్ లినక్స్ బృందం చేసిన పనిని చూడాలి. 2016 ఏప్రిల్‌లో లినక్స్ ఫౌండేషన్ కింద సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫాం అనే ప్రాజెక్టు మొదలైంది. స్థాపకులలో సీమెన్స్, హిటాచీ, తొషీబా ఉన్నాయి. విద్యుత్ కేంద్రాలు, రైల్వేలు, నీటి సరఫరా వంటి వ్యవస్థలలోని కంప్యూటర్లు దశాబ్దాలపాటు నడుస్తాయి. వాటి కెర్నెల్‌ను కనీసం పదేళ్ళు సంరక్షించాలన్నది ఆ ప్రాజెక్టు లక్ష్యం. సంరక్షించడం అంటే భద్రతా సవరణలు పంపుతూ ఉండడం. పంపిన సవరణలో తప్పు దొర్లి, ఎడారిలోని సబ్‌స్టేషన్‌లో కంప్యూటరు లేవకపోతే, దానిని లేపడానికి మనిషి బండెక్కి వెళ్ళాలి. ఆ భయంతోనే చాలాచోట్ల సవరణలే మానేస్తారు, యంత్రం పాత లోపాలతోనే మిగిలిపోతుంది.

సీమెన్స్ తయారుచేసి బహిరంగంగా విడుదల చేసిన ఈఎఫ్‌ఐ బూట్ గార్డ్ ఈ భయానికి సమాధానం. యంత్రంలో వ్యవస్థ రెండు ప్రతులు ఉంటాయి. కొత్త సవరణను నడవని ప్రతిలో వేస్తారు. తరువాతిసారి యంత్రం లేచేటప్పుడు, కెర్నెల్ ఇంకా మెమరీలోకి రాకముందే, బూట్ గార్డ్ హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను మొదలుపెట్టి, కొత్త ప్రతికి ‘పరీక్షలో ఉంది’ అన్న గుర్తు వేసి దానికి పగ్గాలిస్తుంది. కొత్త ప్రతి సవ్యంగా లేస్తే ‘బాగున్నాను’ అని నమోదు చేసుకొంటుంది. మధ్యలో ఎక్కడ స్తంభించినా వాచ్‌డాగ్ రీసెట్ చేస్తుంది. అప్పుడు బూట్ గార్డ్ పాత గుర్తును చూసి, కొత్త ప్రతి పరీక్షలో తప్పిందని తేల్చి, పాతదానిని లేపుతుంది. ఎవరూ బండెక్కనవసరం లేదు. సిమాటిక్ పారిశ్రామిక కంప్యూటర్ల వాచ్‌డాగ్‌కు తగిన డ్రైవరు కూడా 2022లో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. దానితో ఆ కంపెనీ యంత్రాల కావలివాడు కూడా అందరికీ తెలిసిన అవే ఫైళ్ళ ద్వారా మాట్లాడసాగాడు.

ఇక్కడ ఒక మార్పు గమనించదగినది. అపోలో కాలం నుంచి వాచ్‌డాగ్ కాపాడింది నడుస్తున్న ప్రోగ్రామును. బూట్ గార్డ్‌లో అది కాపాడుతున్నది మారే ధైర్యాన్ని. తప్పు జరిగినా వెనక్కు రాగలమన్న భరోసా ఉన్నప్పుడే పదేళ్ళ నాటి యంత్రానికి కొత్త సవరణ పంపగలం.

ఇంతటి భరోసాకూ హద్దులున్నాయి. మనవాళ్ళ సామెత ఒకటి ఉంది, కంచే చేను మేస్తే కాపాడేదెవరని. గడువు మరీ తక్కువ పెడితే, డిస్కు తనిఖీకి కొంచెం ఎక్కువ సమయం పట్టిన రోజున ఆరోగ్యంగా ఉన్న యంత్రాన్నే వాచ్‌డాగ్ చంపుతుంది. లేవగానే మళ్ళీ అదే తనిఖీ, మళ్ళీ అదే మరణం. గడువు మరీ ఎక్కువ పెడితే పంపు ఆ నిమిషాలంతా తప్పు ఒత్తిడితో నడుస్తుంది. ఇవేవీ కాక, రోజూ రాత్రి రీసెట్ అయి తెల్లారేసరికి చక్కగా నడుస్తూ కనబడే యంత్రం మరింత ప్రమాదకరం. దాని లోపం ఎవరికీ కనబడదు, ఎందుకంటే కాపలా చాలా బాగా పనిచేస్తున్నది. పాత్‌ఫైండర్ ఇంజనీర్లు రీసెట్లను లెక్కపెట్టారు, కారణం వెతికారు. వెతకనిచోట వాచ్‌డాగ్ లోపానికి ముసుగవుతుంది.

అందువలన ఈ చరిత్ర నేర్పేది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చప్పుడు చేసే బాధ్యతను అసలు పని చేసేదానికే అప్పగించాలి, పక్కనున్న గడియారానికి కాదు. యంత్రం లేచిన ప్రతిసారీ ‘బూట్‌స్టేటస్’ ఫైలును చదివి, అక్కడ 32 కనబడితే ఆ సంగతి మనిషికి చేరేటట్లు చూడాలి. అందులో ఉండేది చిన్న అంకె. దానిని చదవడానికి టైమరును ముట్టుకోవలసిన పని కూడా లేదు. రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి కావలివాడు సిద్ధంగానే ఉన్నాడు, ఉదయం లేచి అడిగేవారుండాలి.